చూపు లేని బిడ్డ కోసం వెలసిన బడి

విజయనగరంలో సంగీత కళాశాల ఎందుకు పుట్టిందని అడిగితే ఊళ్లో పెద్దలు ఒక కథ చెబుతారు. పూసపాటి విజయరామ గజపతి మహారాజు ఆస్థానంలో చాగంటి జోగారావు అనే ఉద్యోగి ఉండేవారు. ఆయన కుమారునికి చూపు లేదు. ఆ పిల్లవానికి పద్ధతిగా సంగీతం నేర్పించే చోటు ఒకటి ఉండాలన్న తలంపుతో మహారాజు 1919 ఫిబ్రవరి 5న విజయరామ గానపాఠశాలను నెలకొల్పారట. రాజులు గుడులు కట్టించారు, చెరువులు తవ్వించారు. ఒక ఉద్యోగి బిడ్డకు కళ్లు లేవని బడి పెట్టించిన సంగతి మాత్రం అరుదు. ఆ బడే నేటి మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల. 2019లో దానికి నూరేళ్లు నిండాయి.

ఘంటసాల అక్కడ చదువుకున్నారు, పి. సుశీల అక్కడ చదువుకున్నారు అని జిల్లాలో అందరూ గర్వంగా చెప్పుకుంటారు. అది పుట్టింది చూపు లేని పిల్లవాని కోసమన్న మాట మాత్రం తక్కువమంది నోట వినబడుతుంది.

బడికి తొలి అధ్యక్షులుగా అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు వచ్చారు. హరికథా పితామహుడని ఆయనకు పేరు. చేతులకు ఒక తాళం, కాళ్లకు మరొక తాళం పెట్టి, ఏదీ తప్పకుండా పాడగలిగిన దిట్ట. హరికథ అంటే దాసుగారి గజ్జెలు, చిడతలు, పట్టుపంచె, పూలదండ అన్నీ కళ్లకు పండుగే. అయితే పాత రోజుల్లో ఊరి నడుమ పందిట్లో కథ జరుగుతుంటే వెనుక వరుసల వారికి పెట్రోమాక్సు వెలుగులో దాసుగారి తలపాగా తప్ప మరేమీ ఆనేది కాదు. గడ్డిమేటు పక్కన దుప్పటి కప్పుకుని పడుకున్న వారికి అదీ లేదు. వారంతా తెల్లవార్లూ కథ విన్నారు. మర్నాడు పొలంలో ఆ పద్యాలే పాడుకున్నారు. ఆ రాత్రి వారికి కన్ను చేసిన పని ఏమీ లేదు.

బల్ల మీద అక్షరం ఆనని ద్వారం

బడి పెట్టిన ఏడాదే 26 ఏళ్ల యువకుడొకడు విజయనగరం వచ్చాడు. ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడు. 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖ ప్రాంతంలో పెరిగారు. చిన్ననాటి నుంచి చూపు మందం. ఆ కారణంగానే బడి చదువు ముందుకు సాగలేదు. ఇంట్లో అన్నగారు వెంకటకృష్ణయ్య ఫిడేలు నేర్పారు. గానపాఠశాలలో విద్యార్థిగా చేరడానికి వచ్చిన నాయుడుగారి వాయిద్యం విని, ఈయనకు మనం నేర్పేదేమిటి, ఈయనే మన పిల్లలకు నేర్పాలి అని అధ్యాపకునిగా తీసుకున్నారన్నది విజయనగరంలో ఇంటింటా తెలిసిన ముచ్చట. 1936లో నారాయణదాసు గారి తరువాత ఆయనే అధ్యక్షులయ్యారు.

చూపు మందమైన మనిషికి అన్ని వాయిద్యాల్లో ఫిడేలే ఎందుకు అబ్బిందా అని ఆలోచిస్తే ఒక సంగతి తోస్తుంది. ఫిడేలు మీద చూడడానికి ఏమీ లేదు. వీణకు మెట్లుంటాయి. హార్మోనియానికి తెల్లవి, నల్లవి మెట్లుంటాయి. వేణువుకు రంధ్రాలుంటాయి. ఫిడేలుకు నల్లని నున్నని పలక, దాని మీద నాలుగు తీగలు. గాంధారం ఇక్కడుంది, మధ్యమం అక్కడుంది అని ఎక్కడా గుర్తు లేదు. వేలు వెంట్రుకవాసి ఇటు జరిగితే అపస్వరం, అటు జరిగితే మరో స్వరం. పైస్థాయికి వెళ్లేకొద్దీ స్వరానికీ స్వరానికీ మధ్య ఎడం తగ్గిపోతుంది. రెండు కళ్లూ బాగున్న వాడు కూడా అక్కడ కళ్లప్పగించి చూస్తే ప్రయోజనం సున్న. వేలు పడాలి, చెవి వినాలి, తప్పని చెవి చెబితే వేలు సర్దుకోవాలి. ఏళ్ల తరబడి ఇదే పని. ఆఖరుకు వేలు తనంతట తానే చోటు తెలుసుకుంటుంది.

మనవాళ్లు ఫిడేలు పట్టే తీరు కూడా ఇందుకు తగ్గట్టే ఉంటుంది. పాశ్చాత్యులు నిలబడి గడ్డం కింద నొక్కి పడతారు. మన విద్వాంసుడు నేల మీద మఠం వేసుకుని, ఫిడేలు ఒక కొసను రొమ్ముకు ఆనించి, రెండో కొసను కుడికాలి మడమ దగ్గర నిలుపుతాడు. బరువంతా కాలు, రొమ్ము మోస్తాయి. ఎడమచేయి ఖాళీ అవుతుంది, తీగ మీద పైకీ కిందికీ జారుతుంది. గమకం పలికేది ఆ జారులోనే. వాయిద్యం ఒంట్లో ఒక భాగంలా కుదురుకున్నాక అది ఎక్కడుందో చూడవలసిన అవసరమే రాదు.

పక్కవాయిద్యంగా గాయకుని వెంట నడిచే ఫిడేలును ఒంటరిగా కచేరీకి నిలబెట్టిన వారిలో నాయుడుగారు ముఖ్యులు. 1938లో వెల్లూరులో ఆయన తొలి సోలో కచేరీ జరిగింది. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1957లో పద్మశ్రీ వచ్చింది. 1952లో ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ భవనంలో ఆయన వాయించిన కచేరీ అంధుల సహాయనిధి కోసం చేసినది. పెద్ద పెద్ద బిరుదుల వరుసలో ఈ ఒక్క కచేరీ మాట చాలామంది విడిచిపెడతారు. నాయుడుగారి జీవితంలో తీసివేయదగ్గ సంగతి కాదది. 1964లో ఆయన కన్నుమూశారు.

చేతి మీదే లెక్క

సంగీతం చెప్పే పద్ధతిలోనే చూపు లేని పిల్లవానికి తలుపు తెరిచి ఉన్నది. సరళి స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణం అన్నీ గురువు నోటి నుంచి శిష్యుని చెవికి దిగేవే. పుస్తకం తరువాత వచ్చింది. గురువు ఒకసారి అంటాడు, శిష్యుడు తిరిగి అంటాడు. తప్పితే మళ్లీ. కళ్లున్న పిల్లవాడు పుస్తకంలోకి తొంగిచూసి ఆ క్షణానికి గట్టెక్కుతాడు, ఇంటికి పోయాక మరచిపోతాడు. చూపు లేని పిల్లవానికి ఆ దొంగదారి లేదు గనుక విన్నది విన్నట్టు లోపల దాచుకోక తప్పదు.

తాళం సంగతి మరీ చక్కనిది. ఆదితాళానికి 8 లెక్కలు. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ, ఆపై చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు ఒక్కొక్కటిగా లెక్క. తరువాత దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. లెక్కంతా తన ఒంటి మీదే, తన చేతిలోనే ఉన్నది. ఎవరినీ చూడనక్కరలేదు. ఒక్క విసురు దగ్గర చిక్కు. దెబ్బకు చప్పుడుంటుంది, విసురుకు ఉండదు. చేయి గాలిలో తిరగబడుతుంది, అంతే. చూడలేని పిల్లవానికి అది తెలియాలంటే గురువు తన మణికట్టు మీద వాడి చేయి వేయించుకుని తాళం వేయాలి. నాలుగు రోజులు అలా పట్టుకుంటే చాలు, చప్పుడు లేని ఆ లెక్క వాడికి జీవితంలో తప్పదు. చూపున్న పిల్లల్లో ఎక్కువమంది తాళం తప్పేది సరిగ్గా ఆ విసురు దగ్గరే అన్నది సంగీతం పంతుళ్లందరికీ తెలుసు.

లయ ఒంటికి తెలుస్తుందనడానికి కళాశాల దాకా పోనవసరం లేదు. మన ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు చూసిన వారికి తెలుసు. రేకు తప్పెటను ఎదురు రొమ్మున కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ ఆడతారు. ఆ దరువు ముందు చెవిని తాకదు, రొమ్మును తాకుతుంది. ముందు వరుసలో నిలబడి చూసే వారి గుండెల్లోనూ అది అదురుతుంది. చెముడున్న ముసలివారు కూడా తప్పెటగుళ్ల దగ్గర తల ఊపడానికి కారణం అదే.

గొల్లపల్లిలో మేళం కట్టే రోజు

కన్ను ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ చెవికి దారి ఇవ్వాలి అన్నది కళ్లారా చూడాలంటే బొబ్బిలికి ఆనుకుని ఉన్న గొల్లపల్లి వెళ్లాలి. అక్కడ సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. ఇంటి షోకేసులో పెట్టుకునే బుల్లి వీణలు కొని తెచ్చుకునే వారు చాలామంది. వాయించే వీణ పని వేరు.

దానికి పనస దుంగ కావాలి. కుండ, దండి, యాళి తల వరకు ఒకే దుంగలో తొలిస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. దుంగను ఎంచేటప్పుడే పనివాడు దాన్ని వేలితో కొట్టి చూస్తాడు. కొట్టి చూడడం అనే మాటలో చూపు ఉన్నదే గాని చేసే పని వినడం. కుండ లోపల తొలిచేటప్పుడు దళసరి ఎంత మిగిలిందో లోపల ఒక చేయి, బయట ఒక చేయి పెట్టి తడిమి తెలుసుకుంటాడు. ఎక్కువ దళసరి ఉంటే నాదం మూగబోతుంది, మరీ పలచనైతే కర్ర నిలవదు. ఇంతవరకు ఉలి, బాడిస, కొలత బద్ద అన్నీ కంటికి తోడుగా పనిచేస్తాయి. పువ్వులు, లతలు చెక్కడం, నగిషీ, మెరుగు ఇవన్నీ కంటి పనే.

అసలు పరీక్ష మేళం కట్టే రోజున. వీణకు 24 మెట్లు. దండి మీద రెండు వైపులా మైనం, నల్లపొడి కలిపిన ముద్దను పెట్టి, దానిపై కంచు మెట్లు ఒక్కొక్కటిగా నిలుపుతారు. తీగను శ్రుతి చేసుకుని, మెట్టు మీద నొక్కి మీటుతారు. స్వరం కాస్త ఎక్కువ పలికితే మెట్టును ఇటు జరపాలి, తక్కువైతే అటు జరపాలి. ఆ జరపడం ఎంతంటే గోటి అంచు వెడల్పు కూడా ఉండదు. బద్ద పెట్టి కొలిచి 24 మెట్లూ పెట్టేస్తే పని అయిపోతుంది కదా అని కొత్తవాడికి అనిపిస్తుంది. అలా పెట్టిన వీణ పలకదు. తీగ సన్నం, లావు, బిగువు, గుర్రం ఎత్తు, ఆ కర్ర గుణం అన్నీ కలిసి మెట్టు చోటును నిర్ణయిస్తాయి. ఏ రెండు వీణలకూ అది ఒకటి కాదు. మేళం కట్టేవాడు మీటి, తల వంచి, ఎక్కడో శూన్యంలోకి చూస్తూ ఉంటాడు. కొందరు కళ్లు మూసుకుంటారు. ఆ కాసేపు అతనికి చూపు ఒక అడ్డం.

గుర్రం మీది కంచు రేకును రుద్దే పని కూడా అంతే. రుద్దడం, మీటడం, వినడం, మళ్లీ రుద్దడం. నాదం సాగినంతసేపు పని ఆగదు.

వీణ గురించి ఇన్ని మాటలు ఎందుకంటే, ఈ పనివారికి కళ్లున్నాయి. అయినా పనిలో కీలకమైన ఘట్టం వచ్చేసరికి వారు కంటిని పక్కన పెడతారు. చూపు లేని వారు చెవితో, వేళ్లతో సాధించేది ఏదో వింత శక్తి కాదు. అది అందరిలోనూ ఉన్నదే. కళ్లున్న మనం దాన్ని వాడక తుప్పు పట్టించుకున్నాం, అంతే.

బొమ్మ మాటేమిటి?

పాటకు చెవి చాలు, బొమ్మ వేయాలంటే కన్ను లేకుండా ఎలా అని ఎవరికైనా సందేహం రావచ్చు. దానికి జవాబు మన జిల్లాలో కాదు, బెంగాల్‌లో ఉన్నది. విజయనగరంలో గానపాఠశాల పెట్టిన ఆ 1919లోనే శాంతినికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ కళాభవన్ మొదలైంది. ఆ ఏడాది అక్కడ చేరిన కుర్రవాళ్లలో బినోద్ బిహారీ ముఖర్జీ ఒకరు. 1904లో పుట్టిన ఆయనకు పుట్టుకతోనే ఒక కన్ను లేదు, రెండో కంటికి చూపు తక్కువ. అటువంటి వాడు బొమ్మలు నేర్చుకోవడానికి వచ్చాడు. నందలాల్ బోస్ శిష్యుడై, తరువాత అక్కడే అధ్యాపకుడై, 1946, 47 ప్రాంతంలో శాంతినికేతన్ హిందీ భవన్ గోడల మీద కబీరు మొదలైన మధ్యయుగపు భక్తుల జీవితాలను పెద్ద కుడ్యచిత్రంగా వేశారు. దేశంలో పేరెన్నికగన్న గోడ చిత్రాల్లో అదొకటి.

యాభై దాటిన తరువాత, 1950ల రెండో భాగంలో, కంటి పొరకు జరిగిన ఆపరేషన్ వికటించి ఉన్న కాస్త చూపూ పోయింది. చిత్రకారునికి అంతకన్న నష్టం లేదు. ఆయన తిరిగి శాంతినికేతన్ వెళ్లి పిల్లలకు కళాచరిత్ర చెప్పారు. చూసిన బొమ్మలన్నీ తలలోనే ఉన్నాయి గదా. చేతులు మాత్రం ఊరుకోలేదు. రంగు కాగితాలు మడిచి, కత్తిరించి, అంటించి బొమ్మలు చేశారు. కాగితం మడిస్తే మడత ఎక్కడుందో వేలికి తెలుస్తుంది, కత్తిరించిన అంచు ఎటు వంగిందో తెలుస్తుంది. కుంచె గీసిన గీత వేలికి తెలియదు. అందుకే కుంచె పోయి కత్తెర వచ్చింది. మట్టితో, మైనంతో చిన్న చిన్న బొమ్మలు చేశారు. ఏ రంగు కాగితం ఏదో పక్కనున్న వారిని అడిగి తెలుసుకునేవారు. 1972లో కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో పెద్ద కుడ్యచిత్రమే అమర్చారు. అదే ఏడాది ఆయన పూర్వ శిష్యుడు సత్యజిత్ రాయ్ ఆయన మీద ‘ది ఇన్నర్ ఐ’ అనే చిన్న చిత్రం తీశారు. 1974లో పద్మవిభూషణ్ ఇచ్చారు. 1980లో ఆయన మరణించారు.

చూపున్న రోజుల్లో వేసిన బొమ్మల కన్నా తరువాతి కాగితపు బొమ్మలు గొప్పవా, కాదా అన్నది కళాపండితులు తేల్చుకోవలసిన సంగతి. అవి మాత్రం వేరు రకం బొమ్మలు. చేయి ముందు నడిచి చేసినవి.

మన ఊళ్లలో

ఊళ్లలో చూపు లేని బిడ్డ పుడితే రెండు మాటలు వినబడతాయి. ఒకటి, పూర్వజన్మ పాపం. దీన్ని పట్టించుకోనవసరం లేదు. రెండోది, కళ్లు తీసిన దేవుడు గొంతు ఇస్తాడులే. ఇది మంచిమాటలా ఉంటుంది గాని మొదటి దానికన్నా ఎక్కువ చేటు చేస్తుంది. గొంతు దేవుడే ఇస్తాడు గనుక మనం నేర్పవలసిన పని లేదనుకుంటారు. పన్నెండేళ్ల దాకా అరుగు మీద కూర్చోబెట్టి, సినిమా పాటలు నాలుగు వంటబట్టాక విశాఖ, పలాస మధ్య తిరిగే పాసింజరు రైలెక్కిస్తారు. పెట్టెలో డబ్బా తిప్పుతూ పాడే ఆ పిల్లల్లో చక్కని శ్రుతిజ్ఞానం ఉన్నవారు లేకపోలేదు. వారి గొంతు పదిహేనేళ్లకే బొంగురుపోతుంది. ఘంటసాల విజయనగరంలో మధూకరం ఎత్తి అన్నం తిన్నారు, నిజమే. ఆయన అన్నం అడిగింది చదువు సాగడానికి, పాట అడిగింది గురువుల దగ్గర. రెండింటికీ చాలా దూరం ఉన్నది.

చూపు లేని వారికి చెవి పుట్టుకతో పదునుగా ఉంటుందన్నది సరి కాదు. వాడకం వల్ల పదునెక్కుతుంది. మెదడులో చూపు కోసం ఏర్పడిన భాగం, చిన్ననాటనే చూపు లేకపోతే, వినికిడి, స్పర్శ పనులకు సాయపడుతుందని 1990ల నుంచి శాస్త్రజ్ఞులు పరీక్షల్లో గమనిస్తున్నారు. వేలితో బ్రెయిలీ చదువుతున్నప్పుడు ఆ భాగం పనిచేయడం వారికి కనిపించింది. చిన్నతనంలో ఆ అలవాటు పడితే అంత బాగా కుదురుతుంది. అరుగు మీద గడిచిపోయే ఏళ్లు అందుకే విలువైనవి. ఆరు చుక్కల లిపిని 1829లో ప్రకటించిన లూయీ బ్రెయిలీ అక్షరాలతోపాటు సంగీతానికీ చుక్కలు ఏర్పరచాడు. ఆయన స్వయంగా చర్చిలో ఆర్గన్ వాయించేవాడు.

చూపు లేని పిల్లలంతా ద్వారం వారు కావాలని లేదు. అందరికీ సంగీతం ఇష్టమూ ఉండదు. లెక్కలు ఇష్టమైన వారికి లెక్కలు, చదువు ఇష్టమైన వారికి చదువు అందాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. అందుకు సదరం ధ్రువపత్రం చేతిలో ఉంటే దారి సులువు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అడగడానికి తల్లిదండ్రులే వెళ్లనక్కరలేదు, ఊళ్లో చదువుకున్న వారెవరు తోడు వెళ్లినా సరిపోతుంది.

అంతకు ముందే చేయదగ్గ పని ఇంటిదగ్గర ఉన్నది. ఏ ఊళ్లో చూసినా రామమందిరం ఉంటుంది, అందులో శనివారమో ఏకాదశికో భజన ఉంటుంది. హార్మోనియం, మద్దెల, తాళాలు గోడకు వేలాడుతుంటాయి. చూపు లేని పిల్లవాడిని తెచ్చి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, ప్రసాదం చేతిలో పెట్టి పంపేయడం మామూలు. గుమ్మం దగ్గర కాకుండా మద్దెల పక్కన, మద్దెల మీద చేయి ఆనేంత దగ్గరగా కూర్చోబెట్టాలి. మద్దెల వాయించేవారు మొదటి పాట అయ్యేదాకా వాడి అరచేతిని కట్టె మీద ఉంచనిస్తే దరువు ఎటు పోతున్నదో వాడికి అర్థమవుతుంది. రెండో పాటకు తాళాలు వాడి చేతికి ఇవ్వవచ్చు. మొదటి వారం తప్పుతాడు. పాడేవారు కొంచెం నెమ్మదిగా పాడాలి.